మార్కోనీ: ఆకాశమున కెత్తిన తీగ

పెద్దమందడివంటి గ్రామమున నొక యువకుడు పరీక్ష నిచ్చి, కేంద్రప్రభుత్వపు అనుమతిపత్రమును బడసి, అయిదు వాట్ల శక్తిగల చిన్న రేడియోపెట్టెను పొలమునకు గొనిపోయి, దూరదేశమందలి మిత్రునితో సంభాషింప దలచెనేని, అతని కెదురగు మొదటి ప్రశ్న పెట్టెను గూర్చినది కాదు, తీగను గూర్చినది. ఎంత పొడవు తీగ కావలెను? ఎంత యెత్తున నుండవలెను? దేనికి గట్టవలెను? ఈ ప్రశ్నల వెంట జీవితమంతయు నడచినవాడు గులియెల్మో మార్కోనీ. ఆయన పేరు మన పాఠశాలల బాలురందఱు నెఱిగినదే. ఆయన జయములకును, ఒక పెద్ద పొరపాటునకును గూడ ఏరియలు తీగయే మూలమన్న సంగతి మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు.

మార్కోనీ 1874వ సంవత్సరము ఏప్రిలు 25వ తేదీన ఇటలీలోని బొలోన్యా నగరమున జన్మించెను. తండ్రి జుసెప్పె సంపన్నుడగు భూస్వామి. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండు దేశమున మద్యవ్యాపారమునకు ప్రసిద్ధి కెక్కిన కుటుంబపు ఆడపడుచు. పిల్లవానికి విశ్వవిద్యాలయ పట్టము లేదు. పొరుగున నుండిన ఆచార్య రీగీ దయదలచి తన ప్రయోగశాలను, గ్రంథములను చూడనిచ్చెను. 1894లో హెర్ట్జు పండితుడు మరణింపగా, ఆయన కనుగొనిన విద్యుత్తరంగములను గూర్చి వ్రాసిన వ్యాసమును మార్కోనీ చదివెను. అప్పటికి ఇరువదేండ్లవాడు. పొంతెక్కియోలోని స్వగృహమున, పూర్వము పట్టుపురుగులను పెంచిన అటకపై, తీగలు, బ్యాటరీలు, రాగిరేకులు చేర్చుకొని పని కారంభించెను. ఈ వ్యాపకము తండ్రికి మొదట రుచింపలేదు. పొలముగల యింటి పెద్దలకు ఇట్టి కొడుకులను జూచిన నెట్లుండునో మన పాఠకులకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

1895లో ఆయన చేసిన పని పైకి జూచిన స్వల్పము. అంతవఱకు పండితులు నిప్పురవ్వ పుట్టించు యంత్రమునకు రెండు ప్రక్కల రెండు చిన్న కడ్డీల నుంచి, గదిలో ఈ మూలనుండి ఆ మూలకు అలలను పంపుచుండిరి. మార్కోనీ ఒక కొనను భూమిలో పాతి, రెండవ కొనను రేకుతో గూడ గుంజపై కెత్తెను. గుంజ యెత్తు పెరిగిన కొలది దూరము పెరిగెను. తుదకు ఎదుటి గుట్ట కావలి వైపునకు సంకేత మందినది. అందిన గుర్తుగ అన్న అల్ఫోన్సో తుపాకి ప్రేల్చెనని చెప్పుదురు. గుంజ యెక్కిన తీగ, భూమి నంటిన తీగ: ఈ జంటయే నేటికిని పెక్కు రేడియోస్థానములకు ప్రాణము.

ఇచ్చట నొక న్యాయవిచారణ అవసరము. ఆయన వాడిన తక్కిన పరికరములలో ఆయన కల్పన లేవియు లేవు. నిప్పురవ్వ హెర్ట్జుది; అలను పసిగట్టు లోహపుపొడి గొట్టము ఫ్రాన్సు దేశపు బ్రాన్లీది, దానిని బాగుచేసినది ఇంగ్లండున లాడ్జి. రష్యాలో పోపోవు 1895లోనే ఎత్తైన తీగతో పిడుగుల రాకను పసిగట్టెను. అదే సంవత్సరమున కలకత్తాలో జగదీశచంద్రబోసు గోడ లవతలికి అలను పంపి గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చెను. బోసు వాడిన అల మిల్లీమీటర్లలో కొలువదగినది. దానిని ఒకే దిక్కునకు పోనిచ్చుటకు గొట్టములను, బాకామూతులను ఆయన నిర్మించెను. చేతబట్టుకొని పోదగిన ఏరియళ్లలో అంత సుకుమారమైనవి ఆ కాలమున మఱెచ్చటను లేవు. కాని బోసుయొక్క తపన కాంతికిని విద్యుత్తరంగములకును గల బాంధవ్యమును నిరూపించుట. వార్తలు పంపుట గాదు. తన కల్పనలపై హక్కుపత్రములు సంపాదించుట కాయన యిష్టపడలేదు. మిత్రుల బలవంతముమీద నొక్కటి 1904లో అమెరికాలో వచ్చెను. మార్కోనీ యన్ననో 1896 జూను 2వ తేదీననే ఇంగ్లండున హక్కుపత్రమునకు అర్జీ పెట్టి, మఱుసటి యేడు సొంత కంపెనీ స్థాపించెను.

అచ్చటినుండి దూరము యేటేట పెరిగినది. 1897 మే నెలలో బ్రిస్టలు కాలువ, 1899లో ఇంగ్లీషు కాలువ దాటెను. పిమ్మట అట్లాంటికు సముద్రమును దాటవలెనని సంకల్పము. కారన్‌వాల్ తీరమున పోల్డూ వద్ద 200 అడుగుల స్తంభములు ఇరువది వలయాకారముగ నాటి తీగల నల్లిరి. 1901 సెప్టెంబరు 17న గాలి వీచి సమస్తము కూలెను. ఆవలి తీరమున కేప్ కాడ్ వద్ద నాటిన వలయమునకు గూడ నవంబరులో అదే గతి పట్టెను. పోల్డూలో త్వరత్వరగా రెండు స్తంభములు నాటి విసనకఱ్ఱ యాకారమున తీగలు వ్రేలాడ గట్టిరి. ఆవలి తీరమున మఱల స్తంభములు నాటుటకు వ్యవధి లేదు.

మార్కోనీ చేసిన యేర్పాటు ఇది. కెంపు, పాజెటు అను నిద్దఱు సహాయులతో, బెలూనులను, గాలిపటములను వెంటగొని న్యూఫౌండ్‌లాండులోని సెయింట్ జాన్స్ చేరెను. సిగ్నల్ హిల్ అను కొండమీద పాడుబడిన ఆసుపత్రి గదిలో యంత్రము నుంచెను. డిసెంబరు 11న బెలూను గాలికి తెగిపోయెను. మఱునాడు మొదటి గాలిపటము తీగతో సహా కొట్టుకొనిపోయెను. రెండవది మాత్రము 500 అడుగుల తీగను మోసికొని నిలిచెను. ఆ మధ్యాహ్నము పండ్రెండున్నర ప్రాంతమున మూడు చుక్కల సంకేతమును, అనగా ఎస్ అను అక్షరమును, తాను వింటినని మార్కోనీ ప్రకటించెను. రెండువేల మైళ్లకు మించిన దూరము!

ఈ ఘట్టమున ఏరియలు కట్టువాడు గమనింపదగిన సూక్ష్మ మొకటి కలదు. గాలిపటము పైకి క్రిందికి ఊగుచుండుటచే తీగకును భూమికిని గల సంబంధము క్షణక్షణము మారుచుండెను. అందుచే ఒకే అలకు శ్రుతి కలిపిన మంచి యంత్రము పనికిరాక పోయినది. శ్రుతిలేని సాదా యంత్రమును, టెలిఫోను చెవిగొట్టమును ఆశ్రయింపవలసి వచ్చెను. అం దమర్చినది ఇటలీ నౌకాదళము వారిచ్చిన పాదరసపు గొట్టము. అట్టి యినుము పాదరసముల కూర్పును 1899లోనే రాయల్ సొసైటీకి వివరించి పంపినవాడు మన బోసు. ఆనాటి విజయప్రకటనలలో ఆయన పేరు లేదు. ఇది మఱవదగిన విషయము కాదు.

ఆ సంకేతము నిజముగ వినబడెనా యని సందేహించువారు పండితులలో నేటికిని గలరు. నాటి అలల పొడవు వందల మీటర్లు. అట్టి అలలను పట్టపగలు ఆకాశపు పై పొరలు మ్రింగివేయును. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఓడపై మార్కోనీయే పరీక్షింపగా, పగలు 700 మైళ్లు మాత్రమే అందిన సంకేతము రాత్రి 2,000 మైళ్లు అందినది. ఉభయపక్షములను జూడగా, సందేహించువారి వాదమే బలమైనదని మాకు దోచుచున్నది. అయినను తంతి కంపెనీ వారు సందేహింపలేదు. న్యూఫౌండ్‌లాండులో వార్తలు పంపు గుత్త తమది గావున పని నిలుపవలసినదని వెంటనే నోటీసు ఇచ్చిరి.

తరువాతి యిరువదేండ్లు శీఘ్రముగ జెప్పవచ్చును. 1909లో బ్రౌన్ పండితునితో గలసి నోబెలు బహుమానము. 1912లో టైటానిక్ ఓడ మునిగినపుడు నిస్తంత్రి పిలుపుచే ఏడువందల పైచిలుకు ప్రాణములు దక్కుట. ఆ యేడే మోటారు ప్రమాదమున మార్కోనీ కుడికన్ను పోవుట. ఆయన పొరపా టన్నది ఈ కాలములోనిదే. దూరము కావలెనన్న అల పొడవు పెంచవలెను, శక్తి పెంచవలెను, స్తంభములు పెంచవలెను అని కంపెనీ నమ్మినది. వేలకొలది మీటర్ల అలలు, మైళ్లకొలది తీగలు, కర్మాగారములవంటి స్థానములు వెలసినవి. ఇది ధనవంతుల కంపెనీలకును, సామ్రాజ్యములకును మాత్రమే సాధ్యమగు విద్య యైనది. 200 మీటర్లకు లోబడిన చిన్న అలలు దేనికిని కొఱగావని యెంచి, 1912 నాటి అమెరికా శాసనమున వానిని సరదాగ రేడియో నడుపుకొను సామాన్యులకు విడిచిపెట్టిరి.

పారవేసిన ధాన్యమే మొలకెత్తినది. 1921 డిసెంబరులో గాడ్లీ అను అమెరికను స్కాట్లండులోని ఆర్డ్రోసన్ తీరమున గుడారము వేసికొని, కొయ్యగుంజలపై వందల అడుగుల తీగను నేలకు దగ్గఱగ చాచి, తన దేశపు ఔత్సాహికులను పలువురను వినెను. 1924 అక్టోబరు 18న లండనులోని మిల్ హిల్ పాఠశాల విద్యార్థి సెసిల్ గాయ్డరు, భూగోళమున కావలివైపున న్యూజీలాండులో గొఱ్ఱెల క్షేత్రమున నుండిన ఫ్రాంక్ బెల్‌తో సంభాషించెను. ఈ గాయ్డరే 1936లో మన దేశమునకు వచ్చి ఆలిండియా రేడియోకు ప్రధాన ఇంజనీరై, హ్రస్వతరంగ ప్రసారముల నేర్పఱచెను. 1924లోనే మద్రాసున కృష్ణస్వామి చెట్టిగారు ఇంగ్లండునుండి పరికరములు తెచ్చి, రేడియో క్లబ్బు స్థాపించి, 40 వాట్ల యంత్రముతో ప్రసారము లారంభించిరి. నలువది వాట్లనగా ఇంటిలోని చిన్న దీపమున కగు ఖర్చు.

మార్కోనీ గొప్పతన మేమనగా, తన కంపెనీ కోట్లు వెచ్చించిన త్రోవ తప్పని తెలిసిన తోడనే దానిని విడిచెను. 1923లో ఎలెట్రా యను తన ఓడ నెక్కి ఆఫ్రికా తీరము వఱకు బోవుచు పోల్డూ పంపు చిన్న అలలను స్వయముగ పరీక్షించెను. సహాయుడగు ఫ్రాంక్లిన్ కట్టిన తీగలతెరలు ఆ అలలను దీపస్తంభపు వెలుగువలె నొకే దిక్కునకు నడపినవి. 1926లో కెనడాకు, 1927లో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, భారతదేశములకు ఈ మార్గము తెఱవబడెను. మన దేశమున పూనా చెంత ఖడ్కీలో ప్రసారస్థానమును, దౌండులో గ్రహణస్థానమును నెలకొల్పబడినవి.

మొదట జెప్పిన యువకుని ప్రశ్నలకు సమాధానము లీ చరిత్రలోనే యున్నవి. 7 మెగాహెర్ట్జుల అల పొడవు సుమారు 42 మీటర్లు. అందు సగమునకు కొంచెము తక్కువగ, 20 మీటర్ల తీగను దీసికొని, నడుమ ఖండించి, అచ్చట కేబులు కలుపవలెను. 14 మెగాహెర్ట్జులకైన 10 మీటర్లు చాలును. ఒకే యాధారము దొరకినచోట వెదురుబొంగుపై నడిమి భాగము నెత్తి, రెండు కొనలను నైలాను త్రాళ్లతో మేకులకు లాగి కట్టిన సరిపోవును. వేపచెట్టుకొమ్మపై త్రాడు వేయుటకు జొన్నచేని కావలివాని వడిసెలను మించిన సాధనము లేదు. ఏడెనిమిది మీటర్ల యెత్తున నుండిన ఆ 20 మీటర్ల తీగ తన బలమును చాలవఱకు నేరుగ మింటికి పంపును. అది తిరిగి వంగి వచ్చి హైదరాబాదు, కర్నూలు, చెన్నై చుట్టుప్రక్కల దిగును. సముద్రములు దాటవలెనన్న 14 మెగాహెర్ట్జులలో 5 మీటర్ల నిలువు తీగ మేలు. కాని మన ప్రాంతపు ఎండిన ఎఱ్ఱనేల మంచి భూసంబంధము నీయదు గావున, దాని మొదట నాలుగైదు తీగలను చక్రపుటాకులవలె నేలపై పఱువవలెను. మార్కోనీ రేకును పాతిపెట్టినది దీనికొఱకే. గాలిపటము నెత్తువారు నేటికిని గలరు. సిగ్నల్ హిల్ నాటి ఊగిసలాట వారికిని తప్పదు. కరెంటు తీగల సమీపమునను, ఉఱుములు వినబడినపుడును ఆ పని తలపెట్టుట ప్రాణములతో నాడుట.

శక్తి తక్కువయని చింతింపనక్కఱలేదు. నూఱు వాట్లను అయిదింటికి దించినను, వినువాని యంత్రమున బలమును జూపు ముల్లు రెండు గీతల కించుక మించి మాత్రమే దిగును. తీగ శ్రుతి తప్పినపుడును, నేల నంటియున్నపుడును కలుగు నష్టము పెక్కుమాఱు లంతకంటె హెచ్చు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థకు జెందిన భారతీ ప్రసాద్ బృందము అండమానులకు బోయి, పోర్ట్ బ్లెయిరులో ఏరియళ్లు నాటుకొని ప్రపంచమందలి మిత్రులతో సంభాషించుచుండెను. 26వ తేదీన సముద్రము పొంగి టెలిఫోనులు మూగవోయినపుడు, సరదా కొఱకు గట్టిన ఆ తీగలే ద్వీపవాసుల క్షేమవార్తలను ప్రధానభూమికి మోసినవి.

మరల మార్కోనీ కడకు వత్తము. ఆయన 1923లోనే ఫాసిస్టు పక్షమున జేరెను. 1930లో ముస్సోలినీ ఆయనను ఇటలీ అకాడమీకి అధ్యక్షునిగ జేసెను. దూరదేశముల ప్రజలను మాటలతో కలిపినవాడు, స్వదేశమున ప్రజల నోరు నొక్కిన ప్రభుత్వమునకు అలంకారమగుట శోచనీయము. తుది దినములలో ఆయన మీటరునకు లోబడిన మిక్కిలి చిన్న అలలపై పరిశ్రమించి, 1933లో వాటికనునుండి కాస్టెల్ గాండోల్ఫోకు టెలిఫోను మార్గము నేర్పఱచెను. నలువది యేండ్ల క్రిందట పెద్ద అలలవైపు మరలినవాడు, బోసు మొదలుపెట్టిన దిక్కునకే తుదకు వచ్చెను. 1937 జూలై 20వ తేదీన రోము నగరమున ఆయన మరణించెను. మఱునాడు ఇంగ్లండున రేడియోస్థానములు రెండు నిమిషములు మౌనము వహించినవి. ఆ యేడే నవంబరు 23న గిరిడీలో జగదీశచంద్రబోసు గతించెను.