టైరులో గాలి నింపిన పశువుల డాక్టర్: జాన్ బాయ్డ్ డన్‌లప్

అండమాన్ ట్రంక్ రోడ్డులో జిర్కాటాంగ్ చేరిన వాహనాలు ఆగి, కాన్వాయ్‌గా కదలాలి. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా జారవాల రిజర్వు ప్రాంతం. దారిలో బండి ఆపడం నిషేధం. కాబట్టి టైర్లలో గాలి ఎంతుందో బయల్దేరే ముందే చూసుకోవాలి. ఆ గాలి టైరును వాడుకలోకి తెచ్చింది ఇంజినీరు కాదు, ఒక పశువుల డాక్టర్.

జాన్ బాయ్డ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లండ్‌లోని డ్రెగ్‌హార్న్‌లో పుట్టారు. పశువైద్యం చదివి, 1867లో ఐర్లండ్‌కు వెళ్లి, తర్వాత బెల్‌ఫాస్ట్‌లో స్థిరపడ్డారు.

1887లో ఆయన కొడుకు నడిపే మూడు చక్రాల సైకిల్‌కు ఉన్నవి గట్టి టైర్లు. రాళ్లు పరిచిన వీధుల్లో అది తెగ కుదిపేసేది. డన్‌లప్ ఒక చెక్క చక్రానికి రబ్బరు గొట్టం చుట్టి, పైన గుడ్డ బిగించి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టారు. సైకిల్ పాత చక్రాన్ని, దీన్ని పెరట్లో దొర్లించి చూశారు. పాతది మధ్యలోనే పడిపోయింది. గాలి నింపినది చివరిదాకా వెళ్లి గేటును కొట్టుకుని వెనక్కి ఎగిరింది. మెత్తదనంతో పాటు వేగం కూడా వస్తుందని ఆయనకు అప్పుడే అర్థమైంది.

1888లో పేటెంట్ దక్కింది. 1889 మేలో బెల్‌ఫాస్ట్ పందేల్లో విల్లీ హ్యూమ్ ఈ టైర్లతో గెలిచాడు. అతని చేతిలో ఓడిన వారిలో వ్యాపారి హార్వే డు క్రాస్ కొడుకులున్నారు. డు క్రాస్ ముందుకొచ్చి డన్‌లప్‌తో కలిసి కంపెనీ పెట్టారు.

అంతలో పెద్ద దెబ్బ. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరో స్కాట్లండ్ వాసి 1845లోనే గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నారని తేలింది. అప్పటికి సైకిళ్లు లేవు, రబ్బరు ఖరీదెక్కువ. దాంతో థామ్సన్ టైరు మరుగున పడింది. డన్‌లప్ పేటెంట్ చెల్లకుండా పోయింది. రిమ్‌కు, వాల్వుకు సంబంధించిన ఇతరుల పేటెంట్లను కొని కంపెనీ నిలదొక్కుకుంది.

1895లో మిషెలిన్ సోదరులు పారిస్-బోర్డో పందెంలో గాలి టైర్ల కారు నడిపారు. కారు విషయంలో బరువు మోసేది ప్రధానంగా టైరు లోపలి గాలే. గాలి తగ్గితే టైరు పక్కలు అతిగా వంగి వేడెక్కుతాయి, పగిలే ప్రమాదముంది. ఎక్కువైతే నేలకు ఆనే భాగం తగ్గి పట్టు పోతుంది. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది, నిండు బరువుకు వేరుగా. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నడిచాక వేడికి పెరిగిన అంకెను చూసి గాలి తీయకూడదు.

డన్‌లప్ 1895లో కంపెనీ నుంచి తప్పుకున్నారు. మరుసటి ఏడాదే అది 30 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. అందులో ఆయనకు దక్కింది స్వల్పమే. 1921 అక్టోబర్ 23న డబ్లిన్‌లో కన్నుమూశారు. పేరు మాత్రం టైర్ల మీద నిలిచిపోయింది.