సిద్దిపేట బొమ్మల మాస్టారు కాపు రాజయ్య

బోనం ఎత్తుకున్న అమ్మను గీయడానికి ఎన్ని గీతలు కావాలి? కాపు రాజయ్య గారికి కొన్నే సరిపోయాయి. కోల ముఖం, పెద్ద కన్ను, నెత్తిన గుండ్రని కుండ, నిండుగా పరుచుకున్న రంగు. చూడగానే అది మన ఊరి మనిషే అని తెలిసిపోతుంది.

రాజయ్య గారు 1925లో సిద్దిపేటలో పుట్టారు. డ్రాయింగ్ మాస్టారుగా పిల్లలకు పాఠాలు చెబుతూ బొమ్మలు వేశారు. పేరు వచ్చాక కూడా సిద్దిపేటను వదల్లేదు. అక్కడే లలిత కళా సమితిని నెలకొల్పారు.

ఆయన చేతికి బలాన్నిచ్చింది నకాషీ కళ. ఈ కళకు పేరుపడ్డ చేర్యాల సిద్దిపేటకు దగ్గరే. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి గట్టిపరచి, దాని మీద కులపురాణాలను వరుస బొమ్మలుగా వేసేవారు. ఆ పటం విప్పుతూ కథకులు ఊరూరా కథ చెప్పేవారు. వెనక కూర్చున్నవాళ్లకూ బొమ్మ తెలియాలి కదా! ఎర్రటి నేపథ్యం, నీడలు లేని రంగులు, తేటగా కనిపించే అంచు గీత ఆ పనికి సరిగ్గా సరిపోయాయి.

అచ్చం ఫొటోలా ఉంటేనే గొప్ప బొమ్మ అని చాలామంది నమ్మే రోజుల్లో రాజయ్య గారు ఈ పల్లె పద్ధతిని తన చిత్రాల్లోకి తెచ్చుకున్నారు. ఎల్లమ్మ జోగి, వడ్డెర స్త్రీ, బోనాలు, బతుకమ్మ ఆయనకు బొమ్మలయ్యాయి. ముఖంలో వివరం తగ్గినా మనిషి తగ్గలేదు. చేసే పని, కట్టుకున్న తీరు, నిలబడ్డ తీరు ముందుకొచ్చాయి. ఎవరూ పటం కట్టించి గోడకు పెట్టుకోని కష్టజీవులు ఆర్ట్ గ్యాలరీల గోడలెక్కారు.

2012 ఆగస్టులో, 87 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

కువైట్‌లో పెరిగే మన పిల్లల్లో చాలామందికి అమ్మమ్మ, నాయనమ్మ ఫోన్ తెరలోనే కనిపిస్తారు. ఈ శుక్రవారం రాజయ్య గారి బొమ్మలు చూపించి, వాళ్ల చేతికి నాలుగు రంగులివ్వండి. ముఖానికి ఒక గుడ్డు ఆకారం, కొప్పుకు ఒక సున్నా, చీరకు ఒక త్రికోణం చాలు. నీడలు వద్దు. ఏది వదిలేసినా అమ్మమ్మ అమ్మమ్మగానే ఉంటుందో, ఏది తీసేస్తే ఆమె కాకుండా పోతుందో పిల్లలే తేల్చుకోవాలి. అది తేల్చుకోవాలంటే ముందు ఆమెను తనివితీరా చూడాలి. రాజయ్య గారు తన ఊరిని జీవితాంతం చూసింది అలాగే.