ఏడు రోజుల తేడాతో బందరు

బొబ్బిలి యుద్ధం మనందరికీ తెలుసు. బుస్సీ తెలుసు, తాండ్ర పాపారాయుడు తెలుసు. ఆ తర్వాత రెండేళ్ళకి బందరులో జరిగిందే చాలామందికి తెలీదు. గుడివాడవాణ్ణయినా నాకూ నిన్నమొన్నటిదాకా ఫ్రాన్సిస్ ఫోర్డ్ అనే పేరు తెలీదు.

ఐర్లండు మనిషి. ఇంగ్లండు రాజు సైన్యంలో ఉద్యోగం వదిలేసి, క్లైవ్ మాట మీద బెంగాల్లో కంపెనీ సైన్యంలో చేరాడు. అప్పటికి కోస్తా సర్కార్లు ఫ్రెంచివాళ్ళవి. బందరు, దివిసీమ కూడా వాళ్ళ చేతిలోనే. 1758లో లాలీ బుస్సీని మద్రాసు మీద దాడికి వెనక్కి పిలిపించుకున్నాడు. ఇక్కడ కాన్‌ఫ్లాన్స్‌ని కూర్చోబెట్టారు. నన్నడిగితే ఫ్రెంచివాళ్ళు ఓడిపోవడం అక్కడే మొదలైంది.

అదే అదను అనుకుని విజయనగరం ఆనందరాజు క్లైవ్‌కి కబురు పెట్టాడు. క్లైవ్ ఫోర్డ్‌ని ఓడల్లో విశాఖపట్నం పంపాడు. వెంట 500 మంది తెల్ల సిపాయిలు, 2,000 మంది దేశీ సిపాయిలు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కాన్‌ఫ్లాన్స్ ఓడి బందరు పారిపోయాడు. వెంటనే తరిమితే సరిపోయేది. కానీ డబ్బు దగ్గర ఆనందరాజుతో పేచీ వచ్చి వారాలు గడిచిపోయాయి. ఫోర్డ్ బందరు చేరేసరికి 1759 మార్చి.

చేరాక చూస్తే కోట చుట్టూ ఊబి. ఒక పక్క ఉప్పుటేరు, మిగతా అంతా బురద. లోపలికి ఒక్కటే గట్టుబాట. కోటలోనే బయటకంటే ఎక్కువమంది తెల్ల సిపాయిలున్నారు. వెనకనుంచి మరో ఫ్రెంచి దండు రాజమండ్రిని మళ్ళీ పట్టేసింది. ఫ్రెంచివాళ్ళ నేస్తం నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చేశాడు. చేతిలో పైసా లేదు. జీతాలు, కొల్లసొమ్ములో వాటా ఇవ్వందే కదలమని సొంత సిపాయిలే ఆయుధాలతో ఎదురుతిరిగారు. కోటలో దొరికేదంతా మీకే ఇప్పిస్తానని ఫోర్డ్ బతిమాలి ఒప్పించుకున్నాడు. అంతలో పాండిచ్చేరి నుంచి ఫ్రెంచి ఓడలు బయల్దేరాయి.

ఏప్రిల్ 7 నాటికి మందుగుండు రెండురోజులకి మించి లేదు. వెనక్కి వెళ్ళే దారీ లేదు. ఆ రాత్రే కోట ఎక్కాలని నిర్ణయించాడు. ఇక్కడ మన నేల సంగతి చూడండి. నైరుతి వైపు బురద దాటలేరన్న ధీమాతో అక్కడ కాపలా పల్చగా ఉంది. నాక్స్, యార్క్ అనే కెప్టెన్లు ముందే వెళ్ళి కాలుపెట్టి చూసి, కష్టమే గానీ నడవొచ్చని చెప్పారు. ఆటు సమయంలో కందకంలో నీళ్ళు కూడా తగ్గుతాయి. నాక్స్ మనుషులు బురదలోంచి ఉత్తుత్తి దాడి చేశారు. ఆనందరాజు మనుషులు గట్టుబాట మీద గోల చేశారు. అసలు దండు ఈశాన్యం వైపు ఊసరవెల్లి బురుజు ఎక్కేసింది. (ఆ బురుజుకి నిజంగానే అదే పేరు!) చీకట్లో ఏ పక్కకి పరిగెత్తాలో కాన్‌ఫ్లాన్స్‌కి తెలీలేదు. తెల్లారేసరికి లొంగిపోయాడు. పట్టుబడ్డవాళ్ళు పట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువ.

వారం తర్వాత, 15న, మొరాసిన్ 300 మందితో సముద్రం మీద కనిపించాడు. అంతకుముందు బందరులో పెత్తనం చేసినవాడే. కానీ కోట పరాయిదైపోయింది. దిగే చోటు లేక గంజాం వైపు పోయాడు. అక్కడా ఏమీ సాధించలేక ఆ దండు చెల్లాచెదురైంది. మే 14న సలాబత్ జంగ్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. తీరం వెంట 80 మైళ్ళు, లోపలికి 20 మైళ్ళు వాళ్ళ పరం. ఏడాదికి నాలుగు లక్షల రాబడి. ఇక్కడి రైతుని ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

ఇంత చేసినవాడికి దక్కిందేమిటి? లండన్ డైరెక్టర్లు అతని ఉద్యోగాన్నే ఖాయం చెయ్యలేదు. అయినా ఆ నవంబరులో, బతావియా నుంచి ఓడల్లో హుగ్లీకి వచ్చిన డచ్చి దండుని బిదర్రా దగ్గర గంటలోపే ఓడించాడు. సముద్రం మీంచి దిగి గెలుద్దామనుకున్న ఇద్దరికీ ఒకే ఏడాదిలో అడ్డుపడింది ఈ ఒక్క మనిషే.

చివరికి 1769లో కంపెనీ తన వ్యవహారాలు చక్కదిద్దడానికి ముగ్గురు పర్యవేక్షకుల్ని ఎంచింది. అందులో ఒకడు ఫోర్డ్. ఎక్కిన ఓడ పేరు అరోరా. అదే ఓడలో ఉద్యోగిగా, ఓడ మునక మీదే కావ్యం రాసి పేరు తెచ్చుకున్న ఫాల్కనర్ అనే కవి కూడా ఉన్నాడు. కేప్ దాటాక అరోరా మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.