సవ్యసాచి తకాచ్

అర్జునునికి గల ప్రసిద్ధ నామాలలో సవ్యసాచి ఒకటి. నేటి వాడుకలో సవ్యంగా అంటే సరిగా అని అర్థం చెప్పుకుంటున్నాం గాని, ఈ పేరులోని సవ్య శబ్దానికి ఎడమ అని అర్థం. కుడిచేతితోనే కాక ఎడమచేతితో కూడా వింటినారిని లాగి బాణం వేయగలవాడు సవ్యసాచి. అదే భారతంలో ఏకలవ్యుడు గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలిని కోసి ఇచ్చాడు. ఆ తరువాత మిగిలిన వేళ్లతో బాణాలు వేయగలిగాడు గాని, మునుపటి వేగం అతనికి మళ్లీ రాలేదని వ్యాసమహర్షి చెప్పాడు. ఏకలవ్యుని నష్టమూ, అర్జునుని బిరుదూ ఒకే మనిషికి దక్కడం అరుదు. ఇరవయ్యో శతాబ్దంలో హంగేరీ దేశానికి చెందిన ఒక సైనికునికి ఆ రెండూ దక్కాయి. కుడిచేతిని పోగొట్టుకున్న తరువాత ఎడమచేతితో అతడు గురినే కాదు, వేగాన్ని కూడా తిరిగి సంపాదించాడు. అతడే కారోయ్ తకాచ్.

తకాచ్ 1910 జనవరి 21న హంగేరీ రాజధాని బుడాపెస్ట్ నగరంలో జన్మించాడు. హంగేరీయులు కూడా తెలుగువారివలెనే ఇంటిపేరును ముందు, సొంతపేరును తరువాత రాస్తారు. అందువల్ల స్వదేశంలో అతని పేరు తకాచ్ కారోయ్. ఆంగ్ల అక్షరాలను అనుసరించి కొందరు కారోలీ టకాక్స్ అని కూడా రాస్తుంటారు. హంగేరీ భాషలో తకాచ్ అంటే నేతపనివాడు అని అర్థం. ఈ తకాచ్ మాత్రం సైన్యంలో చేరాడు. అక్కడ పిస్తోలు కాల్చడంలో అసాధారణమైన నేర్పు సంపాదించాడు. కొద్దికాలంలోనే దేశంలోని మేటి షూటర్లలో ఒకడుగా గుర్తింపు పొందాడు.

అతని నైపుణ్యం విలువ తెలియాలంటే ఆ క్రీడ స్వరూపం కొంత తెలిసి ఉండాలి. దానిని 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీ అంటారు. ఇందులో ఉపయోగించేది సెమీ ఆటోమేటిక్ పిస్తోలు. మీట ఒకసారి నొక్కితే ఒక తూటా మాత్రమే వెలువడుతుంది. కాని ఆ తూటా పేలిన బలంతోనే ఖాళీ తొడుగు బయటపడి, మరొక తూటా దానంతట అదే గొట్టంలోకి చేరుతుంది. షూటర్ ముందు అయిదు లక్ష్యాలు వరుసగా ఉంటాయి. అతడు ఒంటిచేత్తో పిస్తోలు పట్టుకొని, చేతిని దించి నిలబడాలి. లక్ష్యాలు కనబడగానే చేయి ఎత్తి ఒక్కొక్క లక్ష్యం మీద ఒక్కొక్క తూటా కాల్చాలి. ఆ అయిదింటికీ మొదట 8 సెకన్లు, తరువాత 6 సెకన్లు, చివరకు 4 సెకన్లు మాత్రమే వ్యవధి ఉంటుంది. మొత్తం 60 తూటాలు. అన్నీ నడిబొడ్డున తగిలితే 600 పాయింట్లు. నాలుగు సెకన్ల వరుసలో ఒక్కొక్క తూటాకు ఒక సెకను కాలమైనా దక్కదు. పిస్తోలు ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగినా 25 మీటర్ల దూరంలో తూటా సుమారు 44 సెంటీమీటర్లు తప్పిపోతుంది. కాబట్టి ఈ పోటీలో ఆలోచించి కాల్చడానికి అవకాశం ఉండదు. ఆలోచన అంతా అభ్యాసకాలంలోనే ముగిసి, పోటీనాటికి అది చేతికి స్వభావంగా మారి ఉండాలి.

1936లో బెర్లిన్ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. తకాచ్ ప్రతిభ గురించి ఎవరికీ సందేహం లేదు. అయినా అతనికి జట్టులో చోటు దక్కలేదు. అప్పుడతడు సైన్యంలో సార్జంటు మాత్రమే. పై హోదాలోని అధికారులే దేశం తరఫున పోటీకి వెళ్లాలన్న నియమం ఆనాడు హంగేరీ సైన్యంలో ఉండేది. గురి చూసేటప్పుడు చేయి తన హోదాను చెప్పదు. కాని ఎంపిక చేసేవారు హోదాను అడిగారు. బెర్లిన్ క్రీడలు ముగిసిన తరువాత ఆ నియమాన్ని తొలగించారు. తకాచ్ నిరాశను దిగమింగి 1940 నాటి క్రీడల కోసం సాధన కొనసాగించాడు.

విధి మరొక విధంగా ఉంది. 1938లో సైనిక శిక్షణ జరుగుతుండగా లోపభూయిష్ఠమైన ఒక చేతిబాంబు అతని కుడిచేతిలో పేలిపోయింది. ఆ చేయి ఛిద్రమైంది. అప్పటికి అతని వయస్సు 28 సంవత్సరాలు. ఏళ్ల తరబడి నేర్చిన విద్య ఒక్క క్షణంలో నిరుపయోగమైపోయింది. సుమారు ఒక నెల ఆసుపత్రిలో గడిపాడు. బయటికి వచ్చిన తరువాత ఎవరికీ చెప్పకుండా ఎడమచేతితో పిస్తోలు పట్టి సాధన మొదలుపెట్టాడు.

చేయి మారినంత మాత్రాన పెద్ద ఇబ్బంది ఏముంటుందని చూసేవారికి అనిపించవచ్చు. ఆ ఇబ్బంది ఎంతటిదో తెలియాలంటే, లక్ష్యసాధన కోసం పిస్తోలును ఎలా ఎంచుకుంటారో తెలుసుకోవాలి. ఒకే కొలతలు, ఒకే బరువు గల రెండు పిస్తోళ్లను బల్లమీద పక్కపక్కన పెడితే తేడా కనబడదు. నేటి నియమాల ప్రకారం ఈ పోటీ పిస్తోలు బరువు 1400 గ్రాములకు మించరాదు. మీటకు కనీసం 1000 గ్రాముల ఒత్తిడి అవసరమై ఉండాలి. ఈ రెండు నియమాలకూ లోబడిన పిస్తోళ్లు ఎన్నో ఉంటాయి. కాని చేతిలోకి తీసుకున్నప్పుడు ఒకదాని బరువు ముందుకు వాలుతుంది. మరొకదాని బరువు అరచేతిలో నిలుస్తుంది. ఒకదాని మీట జంకు లేకుండా కదులుతుంది. మరొకదాని మీట మధ్యలో ఆగినట్లనిపిస్తుంది. గొట్టం చేతికి ఎంత దగ్గరగా ఉంటే, పేలినప్పుడు మూతి పైకి లేవడం అంత తగ్గుతుంది. కళ్లు మూసుకొని చేయి చాచి, కళ్లు తెరిచినప్పుడు ఏ పిస్తోలు తనంతట తాను లక్ష్యం వైపు చూస్తుందో అదే ఆ షూటర్‌కు తగినది. అంటే రెండు సమానమైన పిస్తోళ్లలో ఏది మేలైనదో చెప్పేది పిస్తోలు కాదు, దానిని పట్టిన చేయి.

తకాచ్ విషయంలో మారిపోయింది ఆ చేయి. పోటీ పిస్తోలు పిడిని అరచేతి వంపులకు అనుగుణంగా చెక్కుతారు. కుడిచేతి కోసం చెక్కిన పిడి ఎడమచేతిలో ఇమడదు. చాలా పిస్తోళ్లు ఖాళీ తొడుగులను కుడివైపుకు విసురుతాయి. అవి కుడిచేతి వాటం వారికి వీపువైపు పడతాయి. ఎడమచేతి వాటం వారికి రొమ్ము ఎదుటనుంచి పోతాయి. నిలబడే తీరు తిరగబడుతుంది. బరువు మోసే కాలు మారుతుంది. కుడికంటితో గురి చూడడానికి అలవాటుపడినవారు ఎడమచేయి చాచినప్పుడు కన్నూ, చేయీ ఒకే వరుసలోకి రావు. అన్నిటికంటె కష్టమైనది మీట మీద వేలికి గల స్పర్శజ్ఞానం. అది ఒక చేతినుంచి మరొక చేతికి చెప్పి అందించగల విద్య కాదు. రాయడం నేర్చిన పెద్దవాడు రెండవ చేతితో తన పేరు రాయడానికి ప్రయత్నిస్తే ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. చూపులకు రెండు చేతులూ సమానమే. ఒకదానికి ఏళ్ల తరబడి అభ్యాసం ఉంది. రెండవదానికి అది లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

తకాచ్‌కు పోగా మిగిలినవి కూడా ఉన్నాయి. ఏ క్షణంలో ఊపిరి నిలపాలో, ఎప్పుడు మీట నొక్కాలో అతని మనస్సుకు తెలుసు. పోటీలో తొందర పుట్టినప్పుడు దానిని అణచుకునే నిగ్రహమూ అలవడింది. ఆ తెలివి కుడిచేతితో పాటు నశించలేదు. నశించనిదానిని ఆధారం చేసుకొని, నశించినదానిని అతడు మళ్లీ నిర్మించాడు.

1939 వసంతకాలంలో హంగేరీ జాతీయ పిస్తోలు పోటీలు జరిగాయి. తకాచ్ అక్కడికి వచ్చినప్పుడు, పాత మిత్రులను పలకరించి పోటీలను చూసి పోవడానికి వచ్చాడని తోటివారు భావించారని చెబుతారు. అతడు పోటీలో నిలబడడమే కాక ఎడమచేతితో కాల్చి విజేతగా నిలిచాడు. ప్రమాదం జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అదే సంవత్సరం ప్రపంచ పోటీలలో గెలుపొందిన హంగేరీ జట్టులోనూ అతనికి స్థానం లభించింది.

కాని కాలం మరొకసారి అడ్డుపడింది. 1940 ఒలింపిక్ క్రీడలు మొదట టోక్యో నగరానికి కేటాయించారు. జపాన్ ఆ బాధ్యతను వదులుకోగా అవి ఫిన్లాండ్‌లోని హెల్సింకీకి మారాయి. 1944 క్రీడలకు లండన్ నగరాన్ని ఎంపిక చేశారు. రెండవ ప్రపంచయుద్ధం కారణంగా ఆ రెండూ రద్దయ్యాయి. తకాచ్ స్వస్థలమైన బుడాపెస్ట్ నగరం కూడా యుద్ధం చివరిదశలో ముట్టడికి గురై శిథిలమైంది. ఒకసారి హోదా లేక, రెండుసార్లు క్రీడలే జరగక, క్రీడాకారుని జీవితంలో అత్యంత విలువైన సంవత్సరాలు గడిచిపోయాయి.

1948లో లండన్ వేదికగా ఒలింపిక్ క్రీడలు తిరిగి ప్రారంభమయ్యాయి. అప్పటికి తకాచ్ వయస్సు 38 సంవత్సరాలు. పిస్తోలు పోటీ లండన్ సమీపాన బిస్లీలో జరిగింది. అర్జెంటీనాకు చెందిన సాయెంజ్ వలియెంతే ఆనాటి ప్రపంచ విజేత. పోటీకి ముందు అతడు తకాచ్‌ను చూసి, లండన్‌కు ఎందుకు వచ్చావని అడిగాడనీ, నేర్చుకోవడానికి వచ్చానని తకాచ్ బదులిచ్చాడనీ ఒక కథనం ప్రచారంలో ఉంది. పోటీ ముగిసేసరికి తకాచ్ 580 పాయింట్లు సాధించాడు. అది అంతకుముందున్న ప్రపంచ రికార్డుకంటె 10 పాయింట్లు అధికం. 571 పాయింట్లతో రజతపతకం పొందిన వలియెంతే, తకాచ్ నేర్చుకోవలసినంత నేర్చుకున్నాడని మెచ్చుకున్నాడంటారు. ఓడినవాడు గెలిచినవానిని నిండు మనస్సుతో అభినందించడం ఆ కథనానికి వన్నె తెచ్చింది.

నాలుగేళ్ల తరువాత 1952లో హెల్సింకీలో క్రీడలు జరిగాయి. ఈసారి తకాచ్ 579 పాయింట్లతో స్వర్ణపతకాన్ని నిలబెట్టుకున్నాడు. ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో రెండుసార్లు ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి వ్యక్తి అతడే. ఆ పోటీలో ఒక్క పాయింటు తేడాతో రజతపతకం పొందిన సిలార్డ్ కున్ వయస్సు 17 సంవత్సరాలు. అతడు తకాచ్ దగ్గర శిక్షణ పొందినవాడే. గురుశిష్యులు ఒకే వేదికపై పక్కపక్కన నిలబడ్డారు. యుద్ధం వల్ల తకాచ్‌కు దూరమైన నగరాలు హెల్సింకీ, లండన్. చివరకు ఆ రెండు నగరాలలోనే అతనికి స్వర్ణపతకాలు లభించడం చరిత్రలోని ఒక చమత్కారం.

1956 మెల్‌బోర్న్ క్రీడలలో మూడవసారి పాల్గొన్నాడు. అప్పుడు అతనికి ఎనిమిదవ స్థానం మాత్రమే దక్కింది. 46 ఏళ్ల వయస్సులో, రెండు స్వర్ణాలు గెలిచిన తరువాత, ఓటమికి భయపడి తప్పుకోకుండా బరిలో నిలవడం కూడా అతని స్వభావాన్ని తెలిపే విషయమే. తన క్రీడాజీవితంలో 35 జాతీయ విజయాలు సాధించాడు. ఒకనాడు సార్జంటు అన్న కారణంగా అవకాశం కోల్పోయిన ఆ సైనికుడు లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో పదవీ విరమణ చేశాడు. శిక్షకునిగా యువ షూటర్లను తీర్చిదిద్దాడు. 1976 జనవరి 5న 65 ఏళ్ల వయస్సులో బుడాపెస్ట్‌లోనే కన్నుమూశాడు.

అతడు తొలి స్వర్ణం గెలిచిన 64 సంవత్సరాల తరువాత, 2012లో మళ్లీ లండన్‌లోనే ఒలింపిక్ క్రీడలు జరిగాయి. ఇదే ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో భారత సైనికుడు విజయ్ కుమార్ రజతపతకం సాధించాడు. హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన అతడు అప్పుడు సుబేదారు హోదాలో ఉన్నాడు. తకాచ్‌ను 1936లో అడ్డుకున్న హోదా నియమం వంటిది అతనికి ఎదురుకాలేదు.

తకాచ్ జీవితాన్ని కేవలం పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటే సగమే చెప్పినట్లవుతుంది. పట్టుదల ఉన్నవారందరూ నష్టాన్ని పూడ్చుకోలేరు. తకాచ్ ఏది పోయిందో, ఏది మిగిలిందో వేరుచేసి చూడగలిగాడు. పోయినది సాధనం, మిగిలినది విద్య. మంచి సాధనాన్ని ఎంచుకోవడంలో శ్రద్ధ అవసరమే. కాని సమానమైన రెండు సాధనాలలో ఏది గొప్పదని వాదిస్తూ కాలం గడిపేవాడు, దొరికినదానిని చేతికి లొంగేవరకు అభ్యసించేవానిని అందుకోలేడు. ఎడమచేయి అతనికి పుట్టుకతోనే ఉంది. 28 ఏళ్లపాటు అది కుడిచేతికి తోడుగా మాత్రమే ఉండిపోయింది. అవసరం వచ్చిననాడు అతడు దానిని నమ్మాడు; నమ్మినదానికి పని నేర్పాడు. ఉన్న శక్తిని గుర్తించి దానికి పని నేర్పడమే విద్యార్థి దశలోనూ చేయవలసిన సాధన.