ఉదర రోగములు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితము

కర్నూలు పెద్దాసుపత్రి బయటి రోగుల విభాగం ముందు ఏ ఉదయాన నిలబడి చూచినా కడుపు పట్టుకొని కూర్చున్నవారు మనకు కనిపిస్తారు. కడప వైపు పల్లెలవారైతే కొందరు రైలెక్కి వెల్లూరు పోతారు. అందరూ చెప్పేది కడుపు నొప్పి అనే ఒక్క మాటే. కాని ఆ మాట వెనుక దాగిన వ్యాధులు అనేకం. మన పల్లెలలో ఇరవైనాలుగు గంటల నొప్పి అని భయంతో పిలిచే అపెండిసైటిస్, జీర్ణాశయపు పుండుకు రంధ్రం పడడం, పేగు మెలిక పడడం వంటి వాటిలో శస్త్రవైద్యుని కత్తియే ప్రాణదాత. ఆలస్యమైతే రోగి దక్కడు. మరికొన్ని ఉదర రోగాలలో కత్తికి పని లేదు. పొట్ట కోసి చూచినా పేగులు పలుచబడి, వాలిపోయి కనబడడమే తప్ప కుట్టవలసినది గాని తీసివేయవలసినది గాని ఉండదు. ఈ రెండు తెగలను వేరు చేసి గుర్తించడంలోనే వైద్యుని ప్రజ్ఞ అంతా ఉన్నది.

అటువంటి కత్తికి లొంగని రోగమే స్ప్రూ. మన ఆయుర్వేదం చెప్పిన గ్రహణి లక్షణాలు దీనికి చాలా దగ్గరగా ఉంటాయి. చిన్నప్రేగు లోపలి గోడపై వెంట్రుకల వలె నిలిచి ఆహారసారాన్ని పీల్చుకొనే సన్నని చూషకాలు ఈ వ్యాధిలో కుంచించుకుపోతాయి. తిన్నది ఒంటబట్టదు. పాలిపోయిన రంగులో, నురుగుతో, జిడ్డుగా విరేచనాలవుతాయి. నాలుక పుండుపడి కారం తగిలితే మండుతుంది. పొట్ట ఉబ్బుతుంది, మిగిలిన శరీరం ఎముకల గూడవుతుంది. రక్తం పలుచబడుతుంది. పేగు క్షయలో కూడా ఇంచుమించు ఇవే చిహ్నాలు ఉంటాయి కనుక పొరబడడానికి అవకాశం హెచ్చు. పేగు క్షయలో దారి మూసుకుపోతే శస్త్రచికిత్స అవసరమవుతుంది. స్ప్రూ రోగికి మాత్రం అది ఉన్న బలాన్ని కూడా హరిస్తుంది.

ఈ రోగమే యల్లాప్రగడ సుబ్బారావు గారి ఇంటిని పట్టి పీడించినది. జీవశాస్త్రం చదివే మన విద్యార్థులు ఏ.టీ.పీ. అనే మూడక్షరాలను వల్లెవేస్తారు గాని, దాని వెనుక ఒక తెలుగువాడున్నాడనీ, ఆయన సముద్రాలు దాటడానికి ఒక కడుపు జబ్బు కారణమనీ ఎరుగరు. అందుకే ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి సీమలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. సంతానం ఏడుగురిలో ఈయన నాలుగవవారు. ఇంట లేమి. బాల్యంలో చదువుపై ఆసక్తి లేదు. కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొని సొమ్ము గడించాలని బయలుదేరగా తల్లి వెనుకకు రప్పించినదని చెబుతారు. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడవసారికి గాని గట్టెక్కలేదు. పిదప రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని తలపోశారు. తల్లి సమ్మతించలేదు. చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఆ చదువుకు మామగారి చేయూత లభించినది.

ఆ కాలంలోనే అన్న, తమ్ముడు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ రోగంతో కన్నుమూశారు. వైద్యం చదువుతున్నవాడు ఇంట్లో ఉండి కూడా చేయగలిగినది ఏమీ లేకపోయినది. అప్పటి గ్రంథాలలో ఆ రోగపు వర్ణన ఉన్నది, మందు లేదు. తరువాత సుబ్బారావు గారికీ ఆ రోగమే వచ్చినది. ఆయన మాత్రం డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారని జీవితచరిత్రకారులు వ్రాశారు.

ఆయన శస్త్రవైద్యుడు కాలేకపోవడానికి ఒక ఖద్దరు అంగీ కూడా కారణమే. విదేశీ వస్త్ర బహిష్కారానికి గాంధీజీ పిలుపునిచ్చిన రోజులవి. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలో సైతం ఖద్దరుతో కుట్టిన వస్త్రమే ధరించారు. శస్త్రచికిత్సాచార్యులు బ్రాడ్‌ఫీల్డ్ గారికి అది కోపకారణమైనది. పరీక్షలు బాగుగానే వ్రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టంతో సరిపుచ్చుకోవలసివచ్చినది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కూడా లభించలేదు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించే ఉపాధ్యాయులుగా చేరారు. పాశ్చాత్య వైద్యం చదివినవాడు ఆయుర్వేద కళాశాలలో పనిచేయడం ఆనాడు చిన్నతనంగా చూడబడేది. యునానీ వైద్య కళాశాల కలిగిన కర్నూలువాసులకు ఆ చిన్నచూపు ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆయన మాత్రం ఆ కొలువును సిగ్గుపడవలసినదిగా భావించలేదు. ఓషధులలోని గుణాన్ని రసాయనశాస్త్రంతో పరీక్షించాలనే కోరిక అక్కడనే బలపడినది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారి సహాయంతో, మామగారి తోడ్పాటుతో, 1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకొన్నారు. భార్య శేషగిరి గారు అప్పటికి గర్భవతి. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో ప్రవేశం దొరికినది గాని విద్యార్థి వేతనం దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు తీసి కడిగే పనికి కుదిరారు. వైద్య పట్టభద్రుడు రాత్రి అంతా ఆ పని చేసి పగలు తరగతికి పోవడం ఎంతటి కష్టమో ఊహించదగినది. ఆ రోజులలోనే ఇంటి వద్ద పుట్టిన కుమారుడు ఏడాదైనా నిండకుండా మరణించాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు.

తరువాతి సంగతులు శాస్త్రజ్ఞులకు సుపరిచితాలు గనుక క్లుప్తంగా చెబుతాము. ఫిస్క్ గారితో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టీ.పీ. వెలుగులోకి వచ్చాయి. 1930లో పి.హెచ్.డి. లభించినది. అయినా హార్వర్డ్‌లో ఆయనకు తగిన పదవి దక్కలేదు.

మన విషయానికి వద్దాము. 1926లో బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీ అనే వైద్యులు ప్రాణాంతక పాండురోగులకు కాలేయం తినిపించి బ్రతికించారు. వీరిలో మర్ఫీ గారు పనిచేసినది సుబ్బారావు గారు పాత్రలు కడిగిన ఆ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలోనే. కాలేయపు సారం స్ప్రూ రోగులకు కూడా కొంత మేలు చేసేది. అయితే అందులో మేలు చేసే వస్తువేదో ఎవరికీ తెలియదు. ఇదే కాలంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, రక్తం పలుచబడిన పేద గర్భిణులు ఈస్టు సారంతో కోలుకోవడం చూచి 1931లో ప్రకటించారు. ఆ అజ్ఞాత వస్తువును 1941లో పాలకూర ఆకుల నుండి వేరుచేసిన శాస్త్రజ్ఞులు, ఆకు అనే లాటిన్ మాటను బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు.

సుబ్బారావు గారు 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్ద గల లెడర్లీ ఔషధ సంస్థకు మారి, త్వరలోనే అక్కడి పరిశోధనకు అధిపతి అయ్యారు. టన్నుల కొలది కాలేయాన్ని వడకట్టినా చిటికెడు ఆమ్లం రాదు. కావున దానిని ప్రయోగశాలలో నిర్మించడమే శరణ్యమని నిశ్చయించి, రసాయనజ్ఞుల బృందాన్ని నిలిపి, 1945లో సాధించారు. టామ్ స్పైస్ అనే వైద్యుడు ఆ మందును క్యూబా దీవిలోని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. రోజులలోనే నాలుక పుండ్లు మానాయి, ఆకలి పుట్టినది, కొత్త రక్తకణాలు పెరిగాయి. అన్నదమ్ములు పోయి అప్పటికి పాతికేళ్ళు.

ఇక్కడ ఒక మాట దాచరాదు. ఫోలిక్ ఆమ్లం సర్వరోగ నివారిణి కాలేదు. ప్రాణాంతక పాండురోగంలో రక్తాన్ని బాగుచేసినా నరాల క్షీణతను అది ఆపలేకపోయినది. ఆ లోటు 1948లో బి12 విటమిన్ వేరుచేయబడిన తరువాత గాని తీరలేదు.

ఆ 1948లోనే, సుబ్బారావు గారి ఆధ్వర్యంలో పనిచేసిన వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ మిసోరీ నేలమట్టి నుండి తీసిన ఆరియోమైసిన్ ప్రకటింపబడినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇదే మొదటిది. అంతకు ముందటి సంవత్సరం బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వెలువడినది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి దానికి విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో ఫార్బర్ గారు రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి వ్యాధిని తాత్కాలికంగానైనా తగ్గించగలిగారు. ఇన్ని జరుగుతున్నా పత్రికలలో ఆయన పేరు కనబడేది కాదు. సభలలో లేచి నిలబడడానికి కూడా ఆయన ఇష్టపడేవారు కాదట. ఆ వినయం మెచ్చదగినదే గాని, స్వదేశంలో ఆయనను ఎరిగినవారు తక్కువ కావడానికి కొంతవరకు అదే కారణమని మా అభిప్రాయం.

1948 ఆగస్టులో, ఆరియోమైసిన్ ప్రకటన వెలువడిన కొద్ది వారాలకే, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు గారు మరణించారు. వయస్సు 53. స్వదేశానికి ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. పాతికేళ్ళు నిరీక్షించిన శేషగిరి గారికి భర్త ముఖం మరల చూచే యోగం కలుగలేదు.

1960 తరువాత ఉత్తర ఆర్కాటు పల్లెలలో స్ప్రూ వ్యాధి ఊళ్ళకు ఊళ్ళనే చుట్టుముట్టినది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో బేకర్, మథన్ గార్లు ఆ పల్లెలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. పొట్ట కోయకుండానే, రోగి మింగిన చిన్న గొట్టపు పరికరంతో పేగు లోపలి తునకను తీసి సూక్ష్మదర్శిని క్రింద చూచే పద్ధతి అప్పటికి వచ్చినది. స్ప్రూ అని నిర్ధారణ అయిన రోగికి వైద్యులు నెలల పాటు ఇచ్చేవి ముఖ్యంగా రెండు మందులు. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండవది టెట్రాసైక్లిన్. ఒకటి సుబ్బారావు గారి బృందం నిర్మించినది, మరొకటి ఆయన ప్రయోగశాలలో పుట్టిన ఆరియోమైసిన్ సంతతిది. కడప నుండి వెల్లూరు రైలెక్కిన రోగి కత్తి పడకుండానే, ఈ రెండు మాత్రల చీటీతో ఇంటికి తిరిగి రాగలిగాడు.