వరస తప్పి చదివిన పుస్తకం

రెండో సంవత్సరం సెలవులకి ఇంటికి బయల్దేరుతుంటే మా రూమ్మేట్ నా బ్యాగులో ఒక లావుపాటి పుస్తకం కుక్కాడు. అట్ట సగం ఊడిపోయి, వెనకాల టేపు వేసి ఉంది. జూల్స్ వెర్న్ రాసిన 'మిస్టీరియస్ ఐలాండ్'. హీరో ఇంజనీరని మాత్రం చెప్పి, మిగతాది నన్నే చదువుకోమన్నాడు.

రైల్లో మొదలుపెట్టాను. 1865, అమెరికాలో అంతర్యుద్ధం. రిచ్‌మండ్ నుంచి బెలూన్‌లో పారిపోయిన ఐదుగురు మనుషులు, ఒక కుక్క పసిఫిక్ సముద్రంలో ఎవరూ లేని ద్వీపంలో పడతారు. చేతిలో ఏమీ లేదు. రెండు జేబు గడియారాల అద్దాలు కలిపి, మధ్యలో నీళ్లు పోసి, భూతద్దంలా చేసి నిప్పు పుట్టిస్తాడు ఇంజనీరు సైరస్ స్మిత్. అక్కణ్ణుంచి ఇటుకలు, కొలిమి, ఇనుము, సల్ఫ్యూరిక్ ఆమ్లం, నైట్రోగ్లిజరిన్, చివరికి టెలిగ్రాఫ్ దాకా వెళ్తాడు. మనం ల్యాబ్ రికార్డులో పక్కవాడిది చూసి రాసేవన్నీ అక్కడ ప్రాణం నిలబెట్టే పనులు. దీనికి తోడు ఒక చిక్కుముడి ఉంది. వాళ్లు కష్టంలో పడ్డప్పుడల్లా ఎవరో కనపడకుండా సాయం చేస్తుంటారు. పిల్లవాడు జ్వరంతో పోతాడనుకున్న రాత్రి గడిచేసరికి బల్ల మీద క్వినైన్ ఉంటుంది. ఎవరు పెట్టారు?

చివర్లో ఆ మనిషి పేరు బయటపడుతుంది. చదివి ఊరుకున్నాను. ఎవరో కొత్త పాత్ర అనుకున్నాను.

హాస్టల్‌కి తిరిగొచ్చిన రోజు రూమ్మేట్ అడిగిన మొదటి ప్రశ్న ఆ పేరు వచ్చినప్పుడు నాకేమనిపించిందని. ఏమీ అనిపించలేదన్నాను. వాడి మొహం పాలిపోయింది. అప్పుడు అర్థమైంది వాడికి, మూడో పుస్తకం ముందు ఇచ్చేశాడని. దానికి ముందు చదవాల్సినవి రెండున్నాయి: 'చిల్డ్రన్ ఆఫ్ కెప్టెన్ గ్రాంట్', 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ'. ఆ రెండూ చదివినవాడికి ఆ పేరు కనపడగానే ఒళ్లు జలదరించాలి. నాకా జలదరింపు పోయింది. మళ్లీ రాదు కూడా. పుస్తకాన్ని ఎన్నిసార్లైనా చదవొచ్చు కానీ, తెలియకుండా చదవడం ఒక్కసారే.

ఆ ఉక్రోషంతోనే మిగతావి చదివాను, తర్వాత రాసినాయన జీవితమూ వెతికి చదివాను. దాన్నే ఇక్కడ పంచుకుంటున్నాను.

జూల్స్ వెర్న్ 1828 ఫిబ్రవరి 8న ఫ్రాన్స్‌లోని నాంత్ పట్టణంలో పుట్టాడు. నది ఒడ్డున ఓడలు వచ్చి ఆగే ఊరు. చిన్నప్పుడు 'రాబిన్సన్ క్రూసో', 'స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్' లాంటి ద్వీపం కథలంటే పిచ్చి. తండ్రి లాయరు. కొడుకూ లాయరై తన ఆఫీసు చూసుకోవాలని పారిస్‌కి లా చదవడానికి పంపాడు. ఈ కథ మనకి కొత్తేం కాదు, పేర్లు మారిస్తే మన క్లాసులో సగం మందిది. వెర్న్ డిగ్రీ పూర్తి చేశాడు గానీ ప్రాక్టీసు పెట్టలేదు. నాటకాలు రాశాడు. 'త్రీ మస్కటీర్స్' రాసిన అలెగ్జాండర్ డ్యూమా పరిచయమై, 1850లో వెర్న్ నాటకాన్ని తన థియేటర్‌లో వేయించాడు. పేరు మాత్రం పెద్దగా రాలేదు. కొన్నాళ్లు ఒక థియేటర్‌లో సెక్రటరీగా చేశాడు. 1857లో ఒనొరీన్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె అప్పటికే ఇద్దరు ఆడపిల్లల తల్లి, భర్త పోయాడు. ఇల్లు గడవాలి కదా, స్టాక్ ఎక్స్ఛేంజిలో చేరాడు. తెల్లవారుజామున లేచి రాసుకోవడం, తర్వాత షేర్ల పనికి పోవడం. 34 ఏళ్లు వచ్చేదాకా ఆయన పేరు చెబితే గుర్తుపట్టే పాఠకుడు దాదాపు లేడు.

అప్పుడు దొరికాడు ప్రచురణకర్త పియెర్ జూల్స్ హెట్జెల్. బెలూన్‌లో ఆఫ్రికా మీదుగా ప్రయాణించే కథ, 'ఫైవ్ వీక్స్ ఇన్ ఎ బెలూన్', 1863 మొదట్లో వచ్చింది. జనం ఎగబడి కొన్నారు. హెట్జెల్ అక్కడ ఆగలేదు. పిల్లలూ పెద్దలూ కలిసి చదివే పత్రిక మొదలుపెట్టి, అందులో వెర్న్ నవలల్ని సీరియల్‌గా వేశాడు. తర్వాత పుస్తకంగా, ఆ తర్వాత బొమ్మలతో, ఎరుపు బంగారు రంగుల అట్టలతో సంవత్సరాంతానికి తెచ్చేవాడు. కొత్త సంవత్సరం కానుకగా ఇంట్లో పిల్లల చేతిలో పెట్టడానికి అవి బాగా కుదిరాయి. మొత్తం వరసకి 'అసాధారణ యాత్రలు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. వెర్న్ బతికుండగానే అందులో 50కి పైగా నవలలు వచ్చాయి. ఒప్పందం ప్రకారం ఏడాదికి రెండు మూడు సంపుటాలు ఇవ్వాలి. సుమారు 40 ఏళ్ల పాటు ఆయనకి సబ్మిషన్ డేటు లేని సంవత్సరం లేదన్నమాట.

సిరీస్ చదివేవాడి అసలు కష్టం ఎదురుచూపు. 1865లో వచ్చిన 'ఫ్రమ్ ద ఎర్త్ టు ద మూన్'లో ముగ్గురు మనుషుల్ని ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుడి మీదకి పేలుస్తారు. గుండు చంద్రుడి చుట్టూ తిరుగుతుండగా పుస్తకం అయిపోతుంది! వాళ్లు ఏమయ్యారో తెలియడానికి పాఠకులు 1869 దాకా ఆగాలి. నెక్స్ట్ ఎపిసోడ్ రెండు రోజులు ఆలస్యమైతే గోల పెట్టే మనం దీన్ని తట్టుకోగలమా?

పాఠకులు ఊరికే ఎదురుచూడలేదు, ఆయనకి పనులు కూడా పురమాయించారు. అప్పటికే పెద్ద రచయిత్రి అయిన జార్జ్ సాండ్ ఆయన మొదటి పుస్తకాలు చదివి, ఈసారి మమ్మల్ని సముద్రం అడుగుకి తీసుకెళ్లమని ఉత్తరం రాసింది. వెర్న్ రాశాడు. ఆయనకి సొంత పడవ ఉండేది, పేరు 'సెయింట్ మిషెల్'. కొడుకు పేరూ మిషెలే. 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్' కొంత ఆ పడవలోనే రాశాడు. అందులో నాటిలస్ అనే జలాంతర్గామి, దాని కెప్టెన్ నీమో. ఆ మనిషిది ఏ దేశమో, ఎవరి మీద అంత పగో చెప్పకుండానే పుస్తకం ముగుస్తుంది.

వరసలో చదవాలనుకునేవాళ్లు ఇక్కడ ఒక పేరా వదిలేసి కిందకి వెళ్లండి. నాకు జరిగింది మీకు జరగకూడదు.

నీమోని పోలండ్ దేశస్థుడిగా, రష్యా సైన్యం చేతిలో కుటుంబాన్ని పోగొట్టుకున్నవాడిగా రాయాలని వెర్న్ అనుకున్నాడు. హెట్జెల్ ఒప్పుకోలేదు. రష్యాలో పుస్తకాలు ఆగిపోతాయని ఆయన భయం. ఇద్దరి మధ్య ఉత్తరాల్లో గట్టిగానే వాదన నడిచింది. చివరికి నీమో ఊరూ పేరూ చెప్పకుండా వదిలేశారు. ఆ ఖాళీ కొన్నేళ్లు అలాగే ఉంది. 1875లో పూర్తయిన 'మిస్టీరియస్ ఐలాండ్'లో ఆ కనపడని మనిషి నీమోనే అని తేలుతుంది, తన కథ తనే చెప్తాడు. అసలు పేరు ప్రిన్స్ దక్కర్. బుందేల్‌ఖండ్ రాజు కొడుకు. యూరప్‌లో చదువుకుని వచ్చి, 1857 తిరుగుబాటులో ఇంగ్లీషువాళ్ల మీద పోరాడి, కుటుంబాన్ని పోగొట్టుకుని సముద్రంలోకి వెళ్లిపోయినవాడు. ప్రపంచమంతా చదివిన ఆ కెప్టెన్ మనవాడని నాకు తెలిసింది ఒక జనరల్ బోగీలో, అదీ ఆయనెవరో తెలియక ముందు. అదీ నా బాధ.

ఈ మూడు పుస్తకాల తేదీలు ఒకదానితో ఒకటి కలవవు. ల్యాబ్ రికార్డు వెనక పేజీలో టైమ్‌లైన్ గీసి చూశాను. 'కెప్టెన్ గ్రాంట్' ప్రకారం 1865లో ద్వీపంలో వదిలేసిన దొంగ, 'మిస్టీరియస్ ఐలాండ్'కి వచ్చేసరికి అంతకు పదేళ్ల ముందే అక్కడ ఉన్నాడు. ఏదో కనిపెట్టానని పొంగిపోయాను. తీరా చూస్తే ఆ పుస్తకంలోనే ఫుట్‌నోట్ ఉంది, తేడా ఉన్న మాట నిజమేనని! అప్పటి పాఠకులు మనకంటే ముందున్నారు.

ఇంకో తప్పు మాత్రం వెర్న్ కావాలనే చేశాడు. చంద్రుడి మీదకి గుండు పేల్చిన ఆ గుంపే, 1889లో వచ్చిన మూడో నవలలో భూమి అక్షాన్ని ఫిరంగితో జరపాలని చూస్తుంది. లెక్కలు వేసే పెద్దమనిషి బోర్డు మీద భూమి చుట్టుకొలత రాస్తుండగా ఫోన్ మోగుతుంది, పిడుగు పడుతుంది, బోర్డు పడిపోతుంది. మళ్లీ రాసేటప్పుడు 4 కోట్ల మీటర్ల బదులు 40 వేలు వేస్తాడు. మూడు సున్నాలు మాయం. ఆ లెక్కతో ఫిరంగి పేలుస్తారు, భూమి కదలదు. యూనిట్లు తప్పేసి మార్కులు పోగొట్టుకున్న ప్రతివాడూ చదవాల్సిన పుస్తకం. ఈ కథకి లెక్కలు సరిగ్గా ఉండాలని వెర్న్ నిజం ఇంజనీరు ఒకాయన చేత కట్టించుకున్నాడు. తప్పుడు లెక్క రాయడానికి కూడా సరైన లెక్క కావాలి మరి.

ఇంతవరకూ చదివితే ఆయన జీవితం పండగలా కనపడుతుంది. ఇంట్లో అలా లేదు. ఫ్రాన్స్‌లో పిల్లలందరికీ కథలు చెప్పిన మనిషికి సొంత కొడుకుతో మాట కలవలేదు. మిషెల్ మొండివాడు, డబ్బు తగలేసేవాడు. తండ్రి వాణ్ణి దారి తప్పిన పిల్లల్ని పెట్టే సంస్థలో కొన్ని నెలలు ఉంచాడు. 1878లో, 16 ఏళ్ల వయసులో, భారతదేశం వైపు వెళ్లే ఓడ ఎక్కించాడు. కుర్రాళ్లు ఓడెక్కి పారిపోవాలని కలలు కనేలా రాసిన మనిషి, కొడుక్కి ఆ ఓడనే శిక్షగా వేశాడు. ఇది చదివాక పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఇప్పటికీ తెలియదు.

1886 ఇంకా గడ్డుకాలం. మార్చి 9న, ఎంతో ఇష్టమైన అన్నదమ్ముల బిడ్డ గాస్టన్, మతి చలించి, ఆమియన్స్‌లో ఇంటి ముందే ఆయన మీద తుపాకి పేల్చాడు. కాలికి తగిలింది. మిగతా జీవితమంతా కుంటుతూనే నడిచాడు. ఎనిమిది రోజులకి హెట్జెల్ చనిపోయాడు. మంచం మీదున్న వెర్న్ ఆయన్ని సాగనంపడానికి కూడా వెళ్లలేకపోయాడు. పడవ అంతకు ముందే అమ్మేశాడు. ఆపైన దూర ప్రయాణాలు లేవు. ఆమియన్స్ మున్సిపల్ కౌన్సిల్‌లో సభ్యుడిగా ఊరి పనులు చూస్తూ, లైబ్రరీలో పత్రికలు చదివి నోట్సు రాసుకుంటూ గడిపాడు. ప్రయాణాలన్నీ కాగితం మీదే.

ఆయన నాకు దగ్గరివాడనిపించింది ఈ చివరి రోజుల్లోనే. 1864లో వెర్న్, ఎడ్గార్ ఎలన్ పో రచనల గురించి ఫ్రెంచి పాఠకులకి ఒక వ్యాసం రాశాడు. మనం ఫ్రెండుకి పుస్తకం గురించి చెప్పినట్టే. దక్షిణ ధ్రువం దగ్గర హఠాత్తుగా తెగిపోయే పో నవల గురించి చెప్తూ, దీన్ని ఎవరు పూర్తి చేస్తారోనని అక్కడ వదిలేశాడు. ఎవరూ చేయలేదని కాబోలు, 33 ఏళ్ల తర్వాత, 1897లో, తనే దానికి కొనసాగింపు రాశాడు. 1900లో, చిన్నప్పుడు చదివిన 'స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్' ద్వీపానికి తిరిగి వెళ్లి దానికీ రెండో భాగం రాశాడు. అప్పటికి ఆయనకి 72. డయాబెటిస్, చూపు సరిగ్గా ఆనదు. అయినా చిన్నప్పటి పుస్తకం అయిపోయిందన్న బెంగ తీరలేదు. సిరీస్‌లు రాసిన మనిషి లోపల ఉన్నది, చివరి పేజీ తర్వాత ఏమైందని అడిగే పిల్లవాడే.

1905 మార్చి 24న ఆమియన్స్‌లో చనిపోయాడు. రాసిపెట్టిన నవలలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటిని బయటికి తెచ్చింది మిషెలే. కొన్నింటిని బాగా మార్చి తెచ్చాడు. అసలు ప్రతులు 1970లలో బయటపడ్డాక, కొడుకు తండ్రిని పాడుచేశాడని కొందరు కోప్పడ్డారు. నేనైతే కోప్పడలేకపోయాను. చాలా ఆలస్యంగానైనా ఆ ఇద్దరూ ఒక పని మీద కూర్చున్నట్టే అనిపించింది.

ఇంకొక్కటి చెప్పాలి. 1863లోనే వెర్న్ భవిష్యత్తు పారిస్ మీద ఒక నవల రాస్తే హెట్జెల్ తిప్పికొట్టాడు. ఆ ప్రతి 1989లో ఆయన ముని మనవడి దగ్గర దొరికి, 1994లో అచ్చయింది. అందులో 1960ల పారిస్‌లో అంతా యంత్రాలు, బ్యాంకులు. కవిత్వంలో బహుమతి తెచ్చుకున్న కుర్రాడు పెద్ద పుస్తకాల షాపుకెళ్లి విక్టర్ హ్యూగో కావాలని అడిగితే ఆ పేరే ఎవరూ వినలేదు. ఉన్నవన్నీ టెక్నికల్ పుస్తకాలు. ఆ కుర్రాడి పేరు కూడా మిషెల్. ఇంజనీరింగ్ కాలేజీలో తెలుగు సాహిత్య క్లబ్బు నడుపుతున్న మనం ఆ షాపులో ఒక అర కట్టినట్టే కదా!

ఈ సెమిస్టర్ మొదట్లో ఒక జూనియర్ ఏదైనా పుస్తకం చెప్పమంటే ముందు 'కెప్టెన్ గ్రాంట్' ఇచ్చాను. తర్వాత 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్'. మూడోది ఇచ్చేటప్పుడు ఏమీ చెప్పలేదు, హీరో ఇంజనీరని మాత్రం అన్నాను. మొన్న రాత్రి ఒంటిగంటకి తలుపు దబదబా బాదారు. తీస్తే పుస్తకం చేత్తో పట్టుకుని, వేలు పేజీ మధ్యలో పెట్టుకుని నిలబడ్డాడు. ఏ పేజీయో అడగలేదు. వాడి మొహం చూస్తే తెలిసిపోయింది. రూమ్మేట్‌ని కూడా లేపాను. వాడు చూడాల్సింది అదే కదా.