గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యోగము

చదువు ముగిసి మా పాఠశాలను విడిచిపోవు విద్యార్థులును, వారి తల్లిదండ్రులును ఏటేట మమ్మడుగు ప్రశ్న యొక్కటే. పని యెక్కడ దొరకును? దానికై యేమి నేర్చుకొనవలెను? దరఖాస్తు వ్రాయు పద్ధతియు, ఇంటర్వ్యూలో జంకక మాటాడు తీరును తరగతులలో చెప్పుచునే యున్నాము. ఈ సంచికయందు మాత్రము, మన ప్రాంతమున బుట్టి పదునేడవ యేటనే ఉద్యోగమున బ్రవేశించిన యొక మహనీయుని చరిత్రమును జెప్పదలచితిమి.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు జేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. మన నరసన్నపేట వారికి ముఖలింగము పొరుగూరు వంటిదే కదా! తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానమున రెవెన్యూ ఉద్యోగము చేసిరి. పిమ్మట చోడవరమునకు బదిలీయై, 1875లో విషజ్వరముచే నచ్చటనే మరణించిరి. అప్పటికి బాలుని వయస్సు పండ్రెండు సంవత్సరములు. విజయనగరమున మేనమామగారి యింట నుండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో జదివెను. గురజాడ అప్పారావుగారు అచ్చట సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషను పరీక్ష యందు గృతార్థుడయ్యెను. ఆ సంవత్సరమే వివాహమును జరిగెను.

ఇక కళాశాలకు బోవుటయా, పనికి బోవుటయా? తండ్రి లేని యింట, క్రొత్తగా సంసారభారము పైబడిన పిల్లవానికి ఈ ప్రశ్నకు రెండు సమాధానములు లేవు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారమునకు ఉపాధ్యాయుడుగా జేరెను. జీతము నెలకు 30 రూపాయలు. ఇది తక్కువ యని యిప్పటివారు నవ్వవలదు. మిత్రుడైన అప్పారావుగారు ఎఫ్.ఏ. చదివియు 1884లో విజయనగరమున 25 రూపాయల జీతముతో నుపాధ్యాయత్వము నారంభించి, తరువాత డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్డుగుమాస్తాయై, 1887లో గాని కళాశాలలో నధ్యాపకులు కాలేదు. ఆ కాలమున మెట్రిక్యులేషను ప్యాసగుట యన నంతటి మాట. జమీందారీ కచేరీలును, బడులును అట్టివారి కొఱకు జూచుచుండెడివి.

పని దొరికినది, చదువు ఆగలేదు. పగలు పిల్లలకు బాఠములు చెప్పుచు, మిగిలిన వేళల స్వయముగా జదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్షను, మఱి పదేండ్లలోపల చరిత్ర ప్రధాన విషయముగా బి.ఏ. పరీక్షను దాటిరి. పాఠశాల కళాశాలగా బెరుగగా, రామమూర్తిగారికిని కళాశాల తరగతులకు బోధించు యోగ్యత సిద్ధముగా నుండెను. ఉద్యోగము పెరిగిన తరువాత దానికి దగిన చదువును వెదకికొనినవారు కారు. చదువే ముందు నడచినది.

పరీక్షతో బనిలేని విద్యలును గలవు. ముఖలింగ దేవాలయమునందలి ప్రాచీన శాసనముల లిపిని తమంత తామే నేర్చి చదివి, గాంగుల రాజధానియైన కళింగనగరము ముఖలింగమే యని వాదించిరి. ఈ పనికి ఎవరును జీతమీయలేదు.

అంతకంటె గష్టమైనది సవర భాష. పర్లాకిమిడి చుట్టునున్న కొండలనుండి సవరలు దిగివచ్చుట చూచి, వారి మాట నేర్వవలెనని బుద్ధి పుట్టినది. నేర్చుట కొక పుస్తకమా? నిఘంటువా? ఏదియు లేదు. తెలుగు వచ్చిన సవర యువకు నొకనిని ఇంట నుంచుకొని, మాట వెంట మాట యడిగి వ్రాసికొనుచు, ఏండ్ల తరబడి శ్రమించి భాషను వశము జేసికొనిరి. పిదప సవర భాషలో పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములును తామే యిచ్చిరి. నెల జీతముపై బ్రదుకు సంసారికి ఇది యెంత భారమో తల్లిదండ్రులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. దొరతనమువారు పుస్తకములకు బహుమాన మీయజూపగా, ఆ ద్రవ్యముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. మన్యపు జ్వరములకు క్వయినా అధికముగా బుచ్చుకొనుటచే చెవుడు గూడ వచ్చినది. ఆ చెవుడు తుదివఱకు విడువలేదు.

ముప్పది యేండ్లు బోధించి 1911లో ఉద్యోగము విరమించిరి. అంతకు ముందే, 1907 ప్రాంతమున, ఉత్తర జిల్లాల బడులను దనిఖీ చేయు ఏట్సు దొరగారికి ఒక సందేహము గలిగెను. పిల్లలు ఇంట నాడు తెలుగొకటి, బడిలో జదువు తెలుగు మఱియొకటి యేల? దీనికి సమాధానము పంతులుగారి యొద్ద నుండెను. నోటి మాటనుండియే భాష నేర్వవలెనని సవర భాషతో బడిన పాటు వారికి దెలిపియే యున్నది. వ్యావహారిక భాషోద్యమ మట్లు మొదలైనది. అట్టి వారి చరిత్రమును మే మీ గ్రాంథికమున వ్రాయుట చూచి పంతులుగారి యభిమానులు నవ్వుకొందురు గాక! ఈ పత్రిక వాడుక యిది.

సవర వ్యాకరణమును గూర్చి ఆంగ్లమున వ్రాసిన గ్రంథము 1931లో మదరాసున నచ్చయ్యెను. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి యందు జేర్పబడగా, దాని నొల్లక, డెబ్బది మూడవ యేట, బ్రదుకుతెరువు జూపిన యూరు విడిచి రాజమహేంద్రవరమునకు దరలిపోయిరి. 1940 జనవరి 22న స్వర్గస్థులైరి. నరసన్నపేటనుండి పాతపట్నము మీదుగా పర్లాకిమిడికి బోవు బస్సు లిప్పటికిని మన కూడలిలో నాగుచుండును.